ఈ నీళ్లు నావి కావు

ఆ రోజు నేను ఆడిన అబద్ధం ఒక్క మాట. "లేదు" అన్నాను. అడిగినాయన నా ముఖంలోకి చూసి, సరే అన్నట్టు తల ఊపి, బానెట్ దించాడు. ఆ తల ఊపడాన్ని నేను ఇప్పటికీ మరిచిపోలేకపోతున్నాను.

పోయిన నెల నా పాత కారు రేడియేటర్ కడిగించడానికి షెడ్డుకు తీసుకెళ్లాను. మెకానిక్ కింద ఒక టబ్బు పెట్టి, రేడియేటర్ అడుగున ఉన్న మర విప్పాడు. తుప్పు రంగు నీళ్లు చిక్కగా దిగాయి. తడి ఇనుము, వేడెక్కిన రబ్బరు కలిసిన వాసన వచ్చింది. ఆ వాసన తగలగానే నాకు మళ్లీ పదహారేళ్లు వచ్చేశాయి. మెకానిక్ టబ్బులోకి వంగి చూసి, "సార్, ఇంతకు ముందు దీన్ని ఎవరైనా ముట్టుకున్నారా?" అని అడిగాడు.

"నేనే," అన్నాను. మరీ గట్టిగా అన్నట్టున్నాను, అతను తలెత్తి చూశాడు. వారం కింద కొంచెం నల్లా నీళ్లు పోశానని చెప్పాను. అంత చిన్న విషయానికి అంత గొంతు ఎందుకని అతనికి అనిపించే ఉంటుంది.

మాది మణుగూరు దిక్కు బొగ్గు బావుల కాలనీ. వరసగా కంపెనీ క్వార్టర్లు. ఉతికి ఆరేసిన బట్ట సాయంత్రానికి మళ్లీ బూడిద రంగుకు తిరిగేది. మా బాపు బావి లోపల పనిచేసేవాడు. ఏళ్ల తరబడి చిట్టీలు కట్టి, ఎవరో వాడి వదిలేసిన అంబాసిడర్ ఒకటి కొన్నాడు. దాన్ని కిరాయికి తిప్పాలని, రిటైరయ్యాక అదే అన్నం పెడుతుందని ఆయన ఆశ. బావి నుంచి వచ్చి స్నానం చేయకముందే, ముఖమంతా నల్లగా ఉండగానే, కారు చుట్టూ ఒకసారి తిరిగేవాడు. ముట్టుకునేవాడు కాదు, మసి అంటుతుందని.

ఆ కారుకు డ్రైవర్‌గా పినపాక అవతల అడవి గూడెం మనిషి ఒకాయన కుదిరాడు. నేను ఆయన్ని కాక అని పిలిచేవాణ్ని. అడవిలో వెదురు మోసే లారీల మీద స్టీరింగు నేర్చుకున్నాడు. సన్నటి మనిషి. పంచె మీద ఖాకీ చొక్కా. మాట్లాడటం తక్కువ. గేరు మార్చేటప్పుడు చప్పుడు వినపడనిచ్చేవాడు కాదు. బాపు ఆయన్ని మెచ్చుకునే మాట ఒక్కటే: "గా మనిషి నడుపుతుంటె నిద్రవడ్తది."

కాక నమ్మకాల్లో మొదటిది నీళ్లు. మా కాలనీ నల్లా నీళ్లు కాచితే గిన్నె అడుగున సున్నం కట్టేది. నానమ్మ నెలకోసారి ఆ పెచ్చును అట్లకాడతో గీకేది. కాక ఆ నీళ్లు కారులో పోయనిచ్చేవాడు కాదు. వాళ్ల గూడెం పక్క వాగు ఎండాకాలం ఇసుక తేలిపోతే, ఆ ఇసుకలో చేతులతో చెలమ తవ్వి, ఊరిన నీళ్లను పాత పంచె గుడ్డతో వడగట్టి, రెండు తెల్ల క్యాన్లలో నింపి బస్సు టాపు మీద వేసుకుని తెచ్చేవాడు.

"మీ నల్లా నీళ్లు మనిషి తాగితె ఏమైతదో నాకెరుక లేదు పిలగా. ఇంజన్ తాగితె మాత్రం కడుపుల రాయి పడ్తది," అనేవాడు.

రేడియేటర్ మూత కూడా ఎవరినీ తీయనిచ్చేవాడు కాదు. మూతకు రెండు చెవులుంటాయి కదా, పట్టి తిప్పడానికి. అందులో ఒక చెవికి ఎర్ర రంగు పూసి ఉండేది. ఆ రంగు ఎందుకో నేను ఎప్పుడూ అడగలేదు.

అనుమానం మా ఇంట్లోకి తెచ్చింది మా మేనమామ. ఆయనొక్కడి మీదే నెట్టేస్తే అది ఇంకో అబద్ధమవుతుంది. అనుమానపడటంలో ఒక హుషారు ఉంటుంది, ఆ వయసులో మరీ. నాకది బాగా ఎక్కింది.

మామ బావి గేటు దగ్గర కాపలా ఉద్యోగి. షిఫ్టు దిగి వచ్చేవాళ్ల సంచులు, టిఫిన్ డబ్బాలు మూత తీసి చూడటం ఆయన పని. రాగి తీగ ముక్క, ఇనుప నట్టు ఏదైనా దాచుకుపోతున్నారేమోనని. ఆ చెయ్యి ఇంటికొచ్చినా ఊరుకునేది కాదు. వంటింట్లోకి రాగానే ప్రతి గిన్నె మూత ఎత్తి చూసేవాడు.

"ఓ అయ్యా, నీ గేటు ఇక్కడ గాదు," అనేది నానమ్మ గరిటె పట్టుకుని. "మూత దీస్తె కూర చెడ్తది."

"చూస్తె చెడ్తదా అత్తా? చూడకపోతెనే చెడ్తది."

డ్రైవర్ల గురించి మామకు ఎన్నో సంగతులు తెలుసు. ఒక్కడు కూడా మంచివాడు కాదని తెలుసు. డీజిల్ ట్యాంకులో చీపురుపుల్ల ముంచి, తడి ఎక్కడిదాకా ఉందో గోటితో నొక్కి గుర్తు పెట్టడం నాకు ఆయనే నేర్పాడు. పరీక్షలు అయిపోయాయి, ఫలితాలు రాలేదు, ఎండలకు బయట ఆడే వీలు లేదు. నాకు ఆ చీపురుపుల్లే ఆట అయింది. ఎన్నిసార్లు ముంచినా లెక్క సరిగ్గానే ఉండేది. మామ పుల్లనే అనుమానించి, ఇంకో పుల్ల తీసుకురమ్మన్నాడు.

ఆ ఎండాకాలం మొదట్లో ఒక రోజు నానమ్మ పచ్చి మామిడికాయ ముక్కలు కోసి, ఉప్పుకారం అద్ది కాకకు ఇచ్చింది. ఆయన రెండు చేతులూ వెనక్కి తీసుకున్నాడు.

"వద్దమ్మా. మాకింకా మామిడికాయ పండుగ కాలె. గూడెంల పండుగ చేసి, వేల్పుకు పెట్టినంకనే నోట్ల పెడ్తం."

నానమ్మకు అర్థమైంది. "మంచిదే బిడ్డా," అని పళ్లెం లోపలికి తీసుకుపోయింది. మామ మాత్రం నన్ను పక్కకు పిలిచాడు.

"జూసినవా అల్లుడు? మనింట్ల కాయ ముక్క ముట్టలె. ఉప్పు తిన్న ఇంటికి కీడు జెయ్యొద్దంటరు గద, అందుకే ముట్టలె. మనసుల ఏదో పెట్టుకున్నడు."

"పండుగ గాలేదంటుండు గద మామ?"

"గట్లనే అంటరు. నేను గేటు కాడ ఇర్వై ఏండ్ల సంది జూస్తున్న. ఏమీ లేనోడే నవ్వుకుంట సంచి ఇప్పుతడు. మాట్లాడనోని సంచిల ఉంటది."

ఆ మాట నాకు సరిగ్గా అతికింది. కాక మాట్లాడడు. అయితే ఉంటుంది.

ఇది జరిగిన వారానికి కాక కారు రేడియేటర్ కడిగాడు. పొద్దున్నే, ఇంజన్ చల్లగా ఉండగా, క్వార్టర్ వెనక వేపచెట్టు కింద. నేను కట్టెల మోపు వెనక నక్కి కూర్చున్నాను. ఆయనేమీ చాటుగా చేయడం లేదు. చాటున ఉన్నది నేనే. ఆ తేడా అప్పుడు తట్టలేదు.

కింది మర విప్పి పాత నీళ్లు దింపాడు. మర బిగించాడు. సంచిలోంచి చింతపండు ముద్ద తీశాడు. వాళ్ల అడవిలోదే, నల్లగా, తాటికాయంత ఉంది. దాన్ని కుండలో నానబెట్టి, పిసికి, గుడ్డలో వడగట్టి, ఆ చిక్కటి రసాన్ని గరాటాతో రేడియేటర్‌లో పోశాడు. కడిగి పారబోసేవే కాబట్టి పైన నల్లా నీళ్లతోనే నింపి ఇంజన్ ఆన్ చేశాడు. కాసేపటికి పుల్లటి ఆవిరి లేచింది. ఎండు చేపల పులుసు కాగేటప్పుడు మా వంటింట్లో వచ్చే వాసనే, కానీ అందులో ఇనుము కలిసి ఉంది.

నేను అక్కడ ఆగలేదు. మామ దగ్గరికి పరిగెత్తాను. నేను చూడకుండా వదిలేసిన సగం ఏమిటో తర్వాతి ఏడాది కాక పక్కన నిలబడి నేర్చుకున్నాను. చల్లారాక ఆ రసం మొత్తం దింపేయాలి. రేడియేటర్ మరే కాదు, ఇంజన్ పక్కన ఇంకో మర ఉంటుంది, అదీ విప్పాలి. అరచేతిలో పట్టిన నీళ్లలోంచి చేతి గీతలు కనపడేదాకా మళ్లీ మళ్లీ కడగాలి. చివరికి మంచినీళ్లు సన్నటి ధారగా పోయాలి. మూత తీసే ఉంచి, ఇంజన్ నడుస్తుండగా, పై గొట్టాన్ని ఆవు పొదుగు పితికినట్టు చేత్తో పితుకుతూ ఉంటే లోపలి గాలి బుడగలుగా వస్తుంది. బుడగ వచ్చినప్పుడల్లా నీరు దిగుతుంది, మళ్లీ పోయాలి. బుడగలు ఆగాకే మూత. ఇత్తడి చెంబుల్ని చింతపండుతో తోమే ఏ ఇల్లాలికైనా ఈ సంగతి సగం తెలుసు. రేడియేటర్ లోపలిదీ ఇత్తడే మరి.

మామ విని లేచి నిలబడ్డాడు. "ఇంజన్ల చింతపులుసా! ఇనుమును తినేస్తది రా అది. ఇంజన్ ఖరాబ్ చేసి, పాత ఇనుము కింద తనే కొనుక్కుంట అంటడు జూడు."

"బాపుకు చెప్తా."

"మీ బాపు నమ్మడు. ఆయనకు నిద్రవడ్తది గద! రుజువు తే. గా నీళ్లు ఒక సీసాల పట్టి తెచ్చి ముందట పెట్టు. నేనన్నట్టు చెప్పకు."

మరునాడు కాక మామిడికాయ పండుగకు గూడేనికి పోయాడు. పోతూ పోతూ, "ఎల్లుండి పొద్దుగాల కిరాయి ఉన్నది, మొదటి బస్సుకే వస్త. బండిని ఎవలు ముట్టకుండ్రి," అని చెప్పాడు. ముట్టవద్దనడం కూడా రుజువుగానే తోచింది నాకు.

మర్నాటి మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుండగా కారు కిందికి దూరాను. మర తిప్పాను. సీసా పట్టాను. తేటగా వచ్చాయి నీళ్లు. పులుసు అడుగున ఉంటుందేమోననుకున్నాను. బకెట్టు పెట్టాను. బకెట్టు నిండింది. అందులో వేపాకు నీడ కూడా కనపడుతోంది. నలుసు లేదు. వాసన లేదు. ఇంతలో నానమ్మ దగ్గు దగ్గరగా వినపడింది. భయపడి బకెట్టు మోరీ కాలువలో కుమ్మరించాను. అవి ఒక మనిషి ఇసుక తవ్వి, ఊరేదాకా కూర్చుని, వడగట్టి, బస్సు టాపు మీద మోసుకొచ్చిన నీళ్లు.

మర బిగించి, నల్లా నుంచి బకెట్టు నిండా పట్టుకొచ్చి, రేడియేటర్‌లో గబగబా కుమ్మరించాను. మూతిదాకా వచ్చేసింది. బకెట్టులో ఇంకా పావువంతు మిగిలింది. బకెట్టు నిండా నీళ్లు దిగిన చోట ముప్పావు బకెట్టే ఎందుకు పట్టిందని ఒక్క క్షణం అనిపించింది. అంతలోనే సరిపోయిందిలే అనుకుని, మిగిలినవి గోంగూర మడిలో పోశాను. ఆ పావు బకెట్టు చోటులోనే గాలి కూర్చుంది. ఇంజన్ గోడల మధ్య, నీరు ఉండాల్సిన చోట. మూత బిగించి ఇంట్లోకి పోయి పడుకున్నాను. సీసా మామకు చూపించలేదు. చూపించడానికి అందులో ఏముంది, తేట నీళ్లు.

కిరాయి మా పక్క క్వార్టర్ వాళ్లది. మనవడి పుట్టు వెంట్రుకలు తీయించడానికి భద్రాచలం ప్రయాణం. ముసలామె, కొడుకు, కోడలు, పిల్లాడు పొద్దున్నే వచ్చి కారులో కూర్చున్నారు. పులిహోర మూట, అరటిపళ్లు, పిల్లాడికి కొత్త చొక్కా. కాక మొదటి బస్సు దిగి నేరుగా వచ్చాడు. భుజానికి తన సంచి, చేతిలో ఇంకో గుడ్డ సంచి. అది నా చేతుల్లో పెట్టాడు. నిండా మామిడికాయలు, తొడిమెల దగ్గర జిగురు ఇంకా ఆరలేదు.

"పండుగైపోయింది. ఇగ తినొచ్చు. మీ నానమ్మకియ్యి," అన్నాడు. ముఖంలో నేను ఎప్పుడూ చూడనంత సంతోషం.

తర్వాత బానెట్ ఎత్తాడు. మూత మీద చేయి వేయబోయి ఆగాడు. దాన్నే చూస్తూ నిలబడ్డాడు. తలుపులోంచి ముసలామె కేక వేసింది, "ఏమయ్యో, ముహూర్తం మనకోసం ఆగుతదా? జల్దీ కానియ్యి!"

కాక నా వైపు తిరిగాడు. "ఎవలన్న మూత దీసిండ్రా పిలగా?"

మామిడికాయల సంచి నా ఛాతీకి ఆనుకుని ఉంది.

"లేదు," అన్నాను.

ఆయన తల ఊపాడు. మూత తీసి చూశాడు, నీళ్లు మూతిదాకా ఉన్నాయి. మళ్లీ పెట్టి, బానెట్ దించాడు.

కాపలాగా వెళ్లమని మామ ముందే చెప్పి ఉన్నాడు కాబట్టి నేనూ ముందు సీట్లో కూర్చున్నాను. అశ్వాపురం దాటేదాకా ఏమీ లేదు. దాటాక అడవి. ఇప్పపూలు రాలే రోజులు, తీపి వాసన కిటికీలోంచి వస్తోంది. కాక మధ్యమధ్య వేడి చూపించే ముల్లు వైపు చూస్తూనే ఉన్నాడు. ముల్లు కింద ఉన్నది కిందే ఉంది. అదే మోసం చేసింది. ఆ ముల్లుకు కబురు చెప్పే ముక్క నీళ్లలో మునిగి ఉంటేనే చెబుతుంది. దాని చుట్టూ నేను పెట్టిన గాలి ఉంది.

ఒక ఎత్తు ఎక్కుతుండగా ఇంజన్ గొంతు మారింది. కాక వెంటనే కాలు తీశాడు. అప్పటికే ఏదో ఠప్పుమంది. బానెట్ సందుల్లోంచి తెల్లటి ఆవిరి. పిల్లాడు గుక్కపట్టి ఏడ్చాడు. అందరం దిగి చెట్టు కిందికి పోయాం.

కాక చాలాసేపు ఆగాడు. చల్లారాక తడి గోనెపట్టా వేసి మూత తిప్పాడు. లోపల నీళ్లు చాలా కిందికి దిగిపోయి ఉన్నాయి. వేలు పెట్టి, తడిసిన వేలిని నాలుక మీద పెట్టుకున్నాడు. తర్వాత ఆయిల్ చూసే కమ్మీ లాగాడు. దాని చివర ఆయిల్ నల్లగా లేదు, పాలు ఎక్కువైన చాయ్ రంగులో ఉంది. నీళ్లు ఆయిల్‌లో కలిశాయంటే ఇంజన్ నెత్తిన ఉండే హెడ్ పగిలినట్టే.

"ఏమైందయ్యా?" అని అడిగాడు పిల్లాడి తండ్రి.

"ఈ నీళ్లు నావి కావు," అన్నాడు కాక.

"ఎవలయైతేంది, నీళ్లు నీళ్లు గావా?" అంది ముసలామె. "తల నీలాలియ్యవోతే ఈడ మన పానాలిచ్చేటట్టున్నది."

కాక నా వైపు చూశాడు. నేను రాలిన ఇప్పపూలు ఏరుకుంటున్నట్టు కిందికి వంగాను. అప్పుడప్పుడే సెల్‌ఫోన్లు వస్తున్న రోజులు, పిల్లాడి తండ్రి దగ్గర ఒకటి ఉంది. అడవిలో దానికి సిగ్నల్ దొరకలేదు. కాక ఎండలో నడిచి వెళ్లి, దారిన పోయే లారీ ఒకటి ఆపి, వాళ్లను మరో బండి ఎక్కించి, మా కారును తాడుతో లాగించుకొచ్చాడు.

సాయంత్రం కార్ల అడ్డా దగ్గర అందరూ మూగారు. బాపు షిఫ్టు దిగి మసి ముఖంతోనే వచ్చాడు. మామ కాక సంచి లాక్కుని బానెట్ మీద బోర్లించాడు. తువ్వాలు, బీడీ కట్ట, రుమాలులో చుట్టిన మిగిలిన చింతపండు ముద్ద.

"ఇగో! నేను చెప్పలె? ఇంజన్ల పులుసు పోసిండు!"

బాపు నెమ్మదిగా అడిగాడు, "పోసినవా?"

"పోసిన. కడిగిన. తీసేసిన."

"మరి నీళ్లు నావి కావంటున్నవట. ఎవలయి?"

కాక నా వైపు వేలు చూపించలేదు, కనీసం చూడలేదు. "ఎరుకున్నోళ్లు చెప్తే వినుండ్రి," అన్నాడు.

ఎవరూ మాట్లాడలేదు. ఆ మౌనంలో నాదొక్కటే తెలిసి చేసిన మౌనం. బాపు తల వంచుకుని, "నువ్వు ఇగ రాకు," అన్నాడు. కాక బానెట్ మీద పడ్డ తన వస్తువులు ఒక్కొక్కటే సంచిలో వేసుకున్నాడు. చింతపండు కూడా. తెల్ల క్యాన్లు రెండూ చెరో చేత్తో పట్టుకుని బస్టాండు వైపు నడిచాడు. ఖాళీ క్యాన్లు ఆయన మోకాళ్లకు తగిలి చప్పుడు చేస్తున్నాయి.

ఆయన తెచ్చిన మామిడికాయలతో నానమ్మ తొక్కు నూరింది. ఆ ఎండాకాలమంతా మేం ఆ తొక్కే తిన్నాం. బాగుంది కూడా. ఆ బాగుండటం ఇప్పటికీ క్షమించుకోలేను.

అడ్డాలో ఆయనకు 'పులుసు డ్రైవర్' అని పేరు పడింది. ఆ పేరు ఆయన కన్నా ముందే ప్రతి బండి ఓనర్ దగ్గరికీ చేరేది. ఎవరూ స్టీరింగు ఇవ్వలేదు. బీడీ ఆకు కల్లం దగ్గర భార్యతో కలిసి ఆకు కట్టలు కడుతుంటే ఒకసారి చూశాను. జీపులో పోతున్న ఒకడు, "ఏం కాకా, ఆకుల పులుసు పోస్తలేవా?" అని అరిచాడు. జీపులో అందరూ నవ్వారు. నేనూ ఆ జీపులోనే ఉన్నాను. నేనూ నవ్వాను.

మా కారు హెడ్ బాగుచేయించుకుని వచ్చింది. కొత్త డ్రైవర్ మురికి కాలువ నీళ్లయినా సరే పోసేవాడు. మామ ఇప్పుడు అతన్ని అనుమానించడం మొదలుపెట్టాడు. నాకు కొత్త చీపురుపుల్ల ఇచ్చాడు. దాన్ని విరిచి పొయ్యిలో వేశాను. ఆ రాత్రుళ్లు నాకు అన్నం సరిగ్గా దిగేది కాదు. ఫలితాల బెంగ అనుకుంది అమ్మ.

తొలి వానలు పడ్డాక ఒక రోజు ఎవరికీ చెప్పకుండా సైకిల్ వేసుకుని గూడేనికి పోయాను. బురదలో సైకిల్ నేను నడిపింది తక్కువ, మోసింది ఎక్కువ. కాక ఇంటి ముందు మంచం నవారు బిగిస్తున్నాడు. తెల్ల క్యాన్లు చూరుకు వేలాడుతున్నాయి. నిలబడే చెప్పేశాను. సీసా, మర, బకెట్టు, గోంగూర మడి, అన్నీ.

ఆయన నవారు వదల్లేదు. "మూతకు ఎర్ర చెవు ఉన్నది గద. నేను బిగిస్తె అది ఎప్పుడు ఎడమ లైటు దిక్కే ఉంటది. ఆ పొద్దు కుడిదిక్కున్నది."

"చూసినవా? మరి... మరెందుకు అడిగినవ్ కాక?"

"నువ్వు చెప్తవని."

"నేను లేదన్న గద."

"అవ్. లేదంటివి. సరే, పిలగాడు గదా, లేదంటుండు, నా కండ్లే పొరబడ్డయేమో అనుకున్న." నవారు ఒకసారి గట్టిగా లాగాడు. "నాది గూడ తప్పున్నది. నీళ్లు దింపి మళ్ల పోసుకోవాలె. ముసలమ్మ జల్దీ జల్దీ అన్నది, నేను జల్దీ పడ్డ."

"నన్ను మాఫ్ చెయ్యి కాక."

ఆయన అప్పుడు తలెత్తాడు. "నాకు చెప్పుడెందుకు కొడుకా? నాకు ఆ పొద్దే ఎరుక. ఎరుక లేనోళ్లకు చెప్పు."

కాళ్ల మీద పడితే తేలిగ్గా పోయేదేమో అనుకుంటూ వెళ్లాను. ఆయన దాన్ని తేలిగ్గా పోనివ్వలేదు. మంచినీళ్లు మాత్రం ఇచ్చాడు.

మరునాటి సాయంత్రం షిఫ్టు దిగే వేళకు అడ్డా దగ్గరికి పోయాను. డ్రైవర్లు పేకాడుతున్నారు. మామ బీడీ వెలిగించుకుంటున్నాడు. బాపు వచ్చేదాకా ఆగి, అందరి ముందూ చెప్పాను. మధ్యలో ఆపలేదు. పులుసు కాదు, నేనే చేశానని, అడిగితే లేదన్నానని, మీతో కలిసి నవ్వానని చెప్పాను.

పేకముక్కలు ఆగిపోయాయి. మొదట తేరుకున్నది మామ. "బావా, ఆ డ్రైవర్ పిలగాన్ని బెదిరించిండు. చెప్పిచ్చిండు. లేకుంటె ఇన్నొద్దులకు—"

"బామ్మర్దీ," అన్నాడు బాపు. "నీ జూసుడు గేటు కాడ పెట్టుకో. నా ఇంటికి తేకు."

తర్వాత కారు పక్కన నేల మీదే కూర్చుండిపోయాడు. మసి ముఖంలో కళ్లు మాత్రమే తెల్లగా కనపడుతున్నాయి. "మూడు నెల్లు," అన్నాడు నాతో. "మూడు నెల్లు నా పక్కన కూసోని అన్నం తిన్నవ్." కొట్టలేదు. కొడితే బాగుండేది.

ఆదివారం బాపు తానే గూడేనికి పోయి, కారు తాళంచెవి కాక ముందు పెట్టాడు. కాక తీసుకోలేదు. "మీ మీద కోపం లేదు. మీ బండంటె భయమైతుంది," అన్నాడట. బాపు ఆ మాట ఇంటికొచ్చి చెప్పాడు. అడ్డాలోనే ఒక ఓనర్, పేకాట ఆపి నా మాట విన్నవాళ్లలో ఒకాయన, తర్వాత నెల కాకకు తన జీపు ఇచ్చాడు. పులుసు డ్రైవర్ అన్న పేరు మాత్రం పూర్తిగా పోలేదు. నేను ఒక్క సాయంత్రం నిలబడి చెప్పిన మాటకు అంత బలం లేదు.

అందుకని ఇంకొక పని పెట్టుకున్నాను. ఆ ఏడాదంతా ప్రతి ఆదివారం సైకిల్ మీద ఆయన వాగుకు పోయి, నీళ్లు తెచ్చాను. వానాకాలం బురద తేరేదాకా కూర్చుని, ఎండలొచ్చాక ఇసుకలో చెలమ తవ్వి, గుడ్డతో వడగట్టి, రెండు క్యాన్లు జీపు పక్కన పెట్టేవాణ్ని. ఆయన వద్దనలేదు, మెచ్చుకోనూ లేదు. రేడియేటర్ కడిగే రోజున నన్ను పక్కన నిలబెట్టుకుని ప్రతి మరా నాచేతే విప్పించాడు, గొట్టం నాచేతే పితికించాడు. కానీ నేను తెచ్చిన నీళ్లు పోసే ముందు ప్రతిసారీ, నా ఎదురుగానే, క్యానులో వేలు ముంచి నాలుక మీద పెట్టుకునేవాడు. ఆ తర్వాతే పోసేవాడు. నేను ఆ వేలు వైపే చూస్తూ నిలబడేవాణ్ని.

మళ్లీ మామిడికాయ పండుగ వచ్చింది. అది అయిపోయిన ఆదివారం క్యాన్లు తెచ్చి పెట్టాను. కాక ఎవరితోనో ఏదో మాట్లాడుతూ, మూత తిప్పి, క్యాను ఎత్తి, రుచి చూడకుండానే పోసేశాడు. ఎర్ర చెవి ఎడమ లైటు వైపు వచ్చేలా బిగించి, జీపు ఎక్కి వెళ్లిపోయాడు.

ఖాళీ క్యాను అడుగున కొంచెం నీళ్లు మిగిలాయి. నేను అందులో వేలు ముంచి, నాలుక మీద పెట్టుకుని చూసుకున్నాను.